పటంలో కనిపించని కొండ

టైలరు కొట్టు బస్సు ఆగే చోటికి సరిగ్గా ఎదురుగా ఉండేది. కొట్టంటే పెద్దదేం కాదు. ఒక కుట్టు మిషను, బట్ట కత్తిరించుకోవడానికి ఒక బల్ల, కుట్టినవి తగిలించే ఇనుప కడ్డీ, వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ, అంతే. ఆ బెంచీ మీద బట్టలు కుట్టించుకునేవాళ్ళ కంటే అర్జీలు రాయించుకునేవాళ్ళే ఎక్కువసేపు కూర్చునేవారు. అందుకే ఆయన భార్య దానికి కచేరీ అని పేరు పెట్టింది. మధ్యాహ్నం అన్నానికి పిలవాల్సి వచ్చినప్పుడు, "కచేరీ ముగిసిందా, ఇంకా ఉందా?" అని ఇంట్లోంచే అడిగేది.

ఆ పని ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. ఇరవై రెండేళ్ళ కిందట బడి కప్పు కారుతోందని అర్జీ పెట్టాలనుకున్నప్పుడు, చేతిరాత కుదురుగా ఉంటుందని హెడ్మాస్టరు ఆయన చేత రాయించారు. కప్పు బాగుపడింది. ఇక చూడండి, వాగుకి ఇవతల ఉన్న నాలుగు ఊళ్ళలో ఎవరికి ఏ అవసరం వచ్చినా టైలరు దగ్గరికే పరుగు. కరెంటు స్తంభం ఒరిగినా ఆయనే, పింఛను ఆగినా ఆయనే. ఏది రాసినా కింద కార్బన్ కాగితం పెట్టి నకలు తీసి దాచుకునేవాడు. జనం ఎదురుగా టైలరు బాబాయ్ అనేవాళ్ళు, చాటుగా నకలు మామ అనేవాళ్ళు. రెండోది కూడా ఆయన చెవిన పడేది. పట్టించుకునేవాడు కాదు.

రాసిన అర్జీని అందజేయడం కూడా ఆయన పనే. వాళ్ళ నియోజకవర్గం శాసనసభ్యుడి ఇల్లు బస్సులో నలభై నిమిషాల దూరం. వరండాలో ఓ అరగంట కూర్చుంటే మనిషి దొరికేవాడు. సభ్యుడేమీ దేవుడు కాదు. పది అర్జీలు ఇస్తే మూడు పనులయ్యేవి. వాగు మీద వంతెన కట్టిస్తానని మూడు ఎన్నికల్లో మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ నీళ్ళు నమిలాడు. కానీ పిలిస్తే వచ్చేవాడు. ఒకసారి మంచినీళ్ళ మోటారు కాలిపోయి నెల దాటినా ఎవరూ బాగుచేయకపోతే, టైలరు అక్క సభ్యుడి కారుకి అడ్డంగా నిలబడి ముప్పావుగంట ఏకబిగిన కడిగేసింది. ఆవిడ నోటికి నాలుగు ఊళ్ళలో తిరుగులేదు. సభ్యుడు కారు దిగి, తల వంచుకుని అంతా విన్నాడు. మూడో వారంలో కొత్త మోటారు వచ్చింది. వచ్చిన ఏ పనికైనా వెనక అలాంటి కథే ఉండేది.

ఆ ఏడు అందరూ ఎదురుచూస్తున్నది డాక్టరు కోసం. ఊళ్ళో ఆసుపత్రి భవనం ఉంది, నర్సమ్మ ఉంది, మందుల బీరువా ఉంది. డాక్టరు కుర్చీ మాత్రం ఆరేళ్ళుగా ఖాళీ. టైలరు పదకొండు అర్జీలు పెట్టాక, సభ్యుడు పై ఆఫీసులో ఫైలు కదిపాడు. "ఇంక సంతకమే తరువాయి టైలరూ. రెండు నెలల్లో డాక్టరు వచ్చి కూర్చుంటాడు, చూడు" అన్నాడు. ఈసారి ఆయన మాటలో తడబాటు లేదు.

రెండు నెలలు కాకముందే గ్రామ కార్యాలయం గోడ మీద ఒక ప్రకటన అంటించారు. కొత్త జనాభా లెక్కల ప్రకారం నియోజకవర్గాల హద్దులు మారుస్తున్నామనీ, అభ్యంతరాలుంటే ఇరవై రోజుల్లో తెలపాలనీ అందులో ఉంది. పక్కన పటం కూడా అంటించారు. టైలరు కళ్ళద్దాలు సవరించుకుని వెతికితే, తమ నియోజకవర్గం పేరు ఎక్కడా లేదు. పల్లెల్లో జనం తగ్గారు, పట్నాల్లో పెరిగారు. అందుకని పట్నాలకి సీట్లు పెంచి, దీన్ని మూడు ముక్కలు చేసి, మూడు పట్నాల సీట్లకి తలా ఒకటి కలిపేశారు. తమ నాలుగు ఊళ్ళు కొండకి అవతలున్న పట్నానికి పడ్డాయి. పటంలో చూస్తే ఆ పట్నం పక్కనే, వేలెడు దూరంలో ఉంది. కొండ మీదుగా దారి లేదు. చుట్టూ తిరిగి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి, మూడున్నర గంటలు.

"కొలతలు తీసుకోకుండానే కత్తిరించేశారేంట్రా?" అంది అక్క, తమ్ముడు చదివి చెప్పింది విని.

"జనాన్ని కొలిచారక్కా. దారిని కొలవలేదు."

ఆయన నాలుగు పేజీల అభ్యంతరం రాశాడు. అక్క ఇల్లిల్లూ తిరిగి సంతకాలూ వేలిముద్రలూ పోగు చేసింది. పొలాల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి కూడా సిరా డబ్బా పట్టుకెళ్ళింది. మొత్తం పదహారు వందల పైచిలుకు వచ్చాయి. విచారణ రోజు తెల్లవారుజామున బయల్దేరి, టైలరు, మరో తొమ్మిదిమంది కలిసి జిల్లా కేంద్రానికి వెళ్ళారు.

విచారణ ఒక పెద్ద హాల్లో పెట్టారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి కిందికి రావడం లేదు. వేదిక మీద ముగ్గురు అధికారులు, వాళ్ళ వెనక గోడంత పటం. మాట్లాడేవాళ్ళకి మనిషికి రెండు నిమిషాలు. టైలరుది నలభై ఒకటో పేరు. ఆయనకి ముందు, పట్నం నుంచి వచ్చిన ఒక బస్సు కండక్టరమ్మ లేచింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, యూనిఫారం మీదే ఉంది.

"మా పేటల్లో ఒక మెంబరుకి మూడు లక్షల మందిమి సార్" అంది ఆమె. "అక్కడ పల్లెల్లో ఒక మెంబరుకి లక్షా పాతిక వేలు. అంటే నా ఓటు వాళ్ళ ఓటులో సగం కూడా కాదు. మా వీధిలో మురుగు పొంగితే నేను ఎవరికి చెప్పుకోవాలి? మా మెంబరు మొహం పదేళ్ళలో ఒక్కసారి చూశాను, అదీ గోడ మీద పోస్టర్లో. హద్దులు మార్చాల్సిందే."

ఆమె చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి టైలరుకి ఏమీ దొరకలేదు. చేతిలోని కాగితాలు ఒక్కసారిగా బరువెక్కినట్టనిపించింది. పేరు పిలిస్తే వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. నాలుగు పేజీలు చదివే టైము లేదు. అందుకని పటం వైపు చెయ్యి చూపించాడు.

"అయ్యా, మా ఊళ్ళకీ ఆ పట్నానికీ మధ్య కొండ ఉంది. మీ పటం చాపలా పరిచి ఉంది కాబట్టి అందులో కనపడదు. ఇప్పుడు మా మెంబరు గారిని కలవాలంటే నలభై నిమిషాలు. రేపట్నుంచి పోను రాను ఏడు గంటలు. ముసలివాళ్ళు, కూలి చేసుకునేవాళ్ళు వెళ్ళలేరు. వెళ్ళలేనివాళ్ళ గొడవ ఎవరికీ తెలీదు. మాకు ఎక్కువ ఓటు అక్కర్లేదు. దగ్గర్లో ఉన్న ఏ పట్నంలో కలిపినా సరే, దారి ఉన్న వైపు కలపండి."

మధ్యలో కూర్చున్న అధికారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పటికి పదకొండు రోజులుగా ఊరూరా ఇవే వింటున్నాడట. కసురుకోలేదు. వెనక్కి తిరిగి పటం చూసి, పక్కనున్నాయనతో ఏదో మాట్లాడి, మళ్ళీ ఇటు తిరిగాడు.

"మీరు చెప్పింది రాసుకున్నాం. అటువైపు కలిపితే అక్కడ లెక్క మించిపోతోంది పెద్దాయనా. చట్టం మమ్మల్ని ముందు జనాభా సమం చేయమంది. దారులూ అవీ వీలైనంతవరకు చూడమంది."

"వీలు కాలేదా అయ్యా?"

"వీలు కాలేదు."

అప్పుడే గంట కొట్టారు. రెండు నిమిషాలు అయిపోయాయి.

బయట టీ బండి దగ్గర కండక్టరమ్మ ఎదురుపడింది. "మీ మీద కోపంతో అన్న మాటలు కావండీ అవి" అంది.

"నువ్వన్నది నిజమేనమ్మా. అదే చిక్కు" అన్నాడు టైలరు.

ఇద్దరూ నిలబడి టీ తాగారు. ఆమె బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

మూడు నెలలకి తుది జాబితా వచ్చింది. గీత ఒక్క అంగుళం కూడా జరగలేదు. ఆ వారమే టైలరు పాత సభ్యుడి ఇంటికి వెళ్ళాడు. వరండాలో కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి మూలకి పెట్టేసి ఉన్నాయి. సభ్యుడు లుంగీ మీద, గడ్డం గీసుకోకుండా కూర్చుని ఉన్నాడు. ఆయన నియోజకవర్గం మాయమైతే పార్టీ వేరే చోట సీటు ఇవ్వలేదు.

"రా టైలరూ, కూర్చో. కుర్చీ నువ్వే తీసుకోవాలి, ఇక్కడ ఇంకెవరూ లేరు" అన్నాడు.

డాక్టరు ఫైలు ఏమైందని అడిగాడు టైలరు.

"ఆ ఫైలు నియోజకవర్గం పేరు మీద నడిచేది. ఇప్పుడా పేరే లేదాయె. కొత్తాయన మళ్ళీ మొదట్నుంచి రాయాలి. ఆయన పట్నంలో ఆయనకి ఎన్ని ఆసుపత్రులున్నాయో ఏమో." కిటికీ వైపు చూపించి, "నిజం చెప్పనా? నువ్వు బస్సు దిగడం కిటికీలోంచి చూసి, చాలాసార్లు వెనక గదిలోకి తప్పుకునేవాణ్ణి" అన్నాడు.

"తెలుసయ్యా. తెర కింద మీ కాళ్ళు కనపడేవి."

సభ్యుడు నవ్వాడు. చాలాసేపటి దాకా నవ్వు ఆపుకోలేకపోయాడు. చివరికి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. లేచి వస్తుంటే మెట్ల దాకా వచ్చి సాగనంపాడు. ఇరవై రెండేళ్ళలో అలా రావడం అదే మొదలు.

ఎన్నికలు వచ్చి వెళ్ళాయి. అభ్యర్థులెవరూ కొండ చుట్టి రాలేదు. ఒక జీపు వచ్చి మైకులో పాట వేసి, కరపత్రాలు విసిరి పోయింది. కరపత్రంలో రోడ్డు దాటే మెట్లవంతెన గురించీ, పార్కింగు గురించీ రాసి ఉంది. గెలిచినాయన ఎవరో నాలుగు ఊళ్ళలో ఒక్కరూ చూసి ఎరుగరు. అయినా డాక్టరు సంగతి వదలలేక, టైలరు కొత్తగా అర్జీ రాసి, కొత్త సభ్యుడి ఆఫీసుకి బయల్దేరాడు. అక్క నేనూ వస్తానంది.

"నువ్వెందుకక్కా, ఒళ్ళు హూనమవుతుంది."

"రాయడం నీ పనిరా. అడగడం నా పని."

దారి పొడుగునా ఆవిడ ఏమనాలో తనలో తను గొణుక్కుంటూనే ఉంది. రెండు బస్సులు మారి చేరేసరికి పదకొండు దాటింది. ఆఫీసుకి అద్దాల తలుపు. లోపల ఒకదానికొకటి బిగించిన ఇనుప కుర్చీలు, చేతికి టోకెను. రెండు గంటలు కూర్చున్నాక వాళ్ళ నంబరు వచ్చింది. బల్ల వెనక ఒక యువ గుమాస్తా, చక్కగా తల దువ్వుకుని, ముందర కంప్యూటరు పెట్టుకుని ఉన్నాడు. ఊరి పేరు అడిగి కొట్టాడు. రాలేదు. మళ్ళీ కొట్టాడు. కిందికి, ఇంకా కిందికి వెళ్ళి, చివరి పేజీలో పట్టుకున్నాడు.

"ఆ, ఉంది పెద్దాయనా. మీ నాలుగు ఊళ్ళూ కలిపి నాలుగు వేల నూట ఇరవై ఓట్లు." అతను వెటకారంగా అనలేదు. తెర మీద ఉన్నది చదివాడంతే. "మొత్తం మీద లక్షా తొంభై వేలండీ. రోజుకి మూడు వందల అర్జీలొస్తాయి. నేను తీసుకుని నంబరేసి ఇస్తాను."

"మెంబరు గారిని ఒక్క మాట కలవాలి బాబూ."

"సార్ రెండో శనివారం మాత్రమే జనాన్ని కలుస్తారండీ. ఇవాళ మూడోది. మీరు ఇంత దూరం నుంచి వచ్చారు, తెలిస్తే ఫోన్లో చెప్పేవాణ్ణి." అక్క నిలబడి ఉండటం చూసి లేచి తన కుర్చీ ఇచ్చాడు. సీసాలో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. తిరుగు బస్సు ఎన్నింటికో కంప్యూటర్లో చూసి, కాగితం మీద రాసిచ్చాడు.

అక్క నీళ్ళు తాగింది. నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. బస్సెక్కి కూర్చున్నాక గానీ మాట రాలేదు.

"మంచి పిల్లాడురా. వాణ్ణేమని తిడతాం?"

టైలరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కొండ పక్కనే వస్తోంది, ఎంతసేపు వెళ్ళినా అలాగే పక్కన ఉంది.

వానాకాలంలో అక్క కాల్లో గాజు పెంకు దిగింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజుకి పాదం ఉబ్బి, జ్వరం వచ్చింది. నర్సమ్మ కట్టు కట్టి, "ఇది నా చేతిలో లేదు, వెంటనే డాక్టరుకి చూపించండి" అంది. వాగు పొంగి, పాత సభ్యుడి ఊరి వైపు దారి మూసుకుపోయింది. కొండ చుట్టి ట్రాక్టరు మీద పట్నం ఆసుపత్రికి చేర్చేసరికి సాయంత్రమైంది. కాలు దక్కింది. చివరి రెండు వేళ్ళు తీసేశారు.

చూడటానికి వెళ్ళిన తమ్ముడు మంచం పక్కన మొహం వేలాడేసుకుని కూర్చుంటే, ఆవిడే ఓదార్చింది. "ఎందుకురా ఆ మొహం? చివర ఉన్నవే కదా తీసేసింది. మనలాంటివే." తన మాటకి తనే నవ్వి, నొప్పికి మొహం ముడుచుకుంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. ఆవిడ అంతసేపు నోరు మెదపకుండా ఉండటం ఆయన ఎన్నడూ చూడలేదు.

ఊరికి వచ్చాక ఆయన అర్జీలు రాయడం మానేశాడు. ఎవరైనా వస్తే, "నా వల్ల కాదు. పోస్టులో పంపుకోండి" అనేవాడు. బెంచీ తీసి లోపల పెట్టేశాడు. ఏళ్ళ తరబడి మిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు కూడా పట్టేశాయి. లేచేటప్పుడు బల్ల పట్టుకుని లేస్తున్నాడు. భార్య ముందు సంతోషించింది. పదిరోజులు పోయాక, మధ్యాహ్నం పిలవకుండానే అన్నానికి వస్తున్న మొగుణ్ణి చూసి ఆమెకే దిగులేసింది.

"బెంచీ బయట వేయమంటారా?" అని అడిగింది ఒకరోజు.

"వద్దు" అన్నాడు.

చలికాలం మొదట్లో పాలవ్యాను డ్రైవరు ఒకతను ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చాడు. కొండకి అటు చివర ఊరతనిది. ప్యాంటు కుట్లు విప్పుతుంటే మాటల్లో మాట వచ్చింది.

"మమ్మల్ని కూడా ఆ పట్నంలోనే కలిపారు బాబాయ్. మా రోడ్డు పాడై రెండేళ్ళయింది, చెప్పుకుంటే వినే దిక్కులేదు. కొండ చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటిదీ అదే గోల. పాలకి రోజూ తిరుగుతాను కదా, పొద్దున్నే క్యానుతో పాటు కష్టాలు కూడా ఎక్కించుకుంటాను."

"ఎన్ని ఊళ్ళు తిరుగుతావు?"

అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. ఈ నాలుగూ కలుపుకుని పద్నాలుగు. టైలరు కత్తెర పక్కన పెట్టాడు. ఓటర్లు ఎంతమంది ఉంటారో ఇద్దరూ కలిసి అంచనా కట్టారు. ఎటూ పదకొండు వేలకి తగ్గరు. కొండకి ఇటువాళ్ళకి అటువాళ్ళు తెలీదు. ఏ ఊరు అర్జీ ఆ ఊరిది. ఆ గుమాస్తా కంప్యూటర్లో ఒక్కో ఊరు ఒక్కో వరసగా, చివరి పేజీలో విడివిడిగా పడి ఉంటుంది.

ఆయనకి హుషారేమీ పుట్టలేదు. మళ్ళీ అదే పని, మళ్ళీ అదే కాగితం అనిపించింది. అయినా ఆ సాయంత్రం అర్జీ రాశాడు. పద్నాలుగు ఊళ్ళకీ కలిపి ఒకటే, అదీ ఒకే పేజీ. రోడ్డు, వంతెన, మోటార్లు అన్నీ వదిలేసి డాక్టరు ఒక్కటే అడిగాడు. వ్యాను నెలరోజులు ఆ కాగితాలు మోసుకుని ఊరూరా తిరిగింది. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్ళు అక్కడే నిలబడి సంతకాలు పెట్టారు. ఏడు వేల సంతకాలతో కట్ట తయారయ్యాక, ఈసారి రెండో శనివారమే వెళ్ళారు. ఊరికి ఇద్దరు చొప్పున ఇరవై ఎనిమిది మంది ఆ ఇనుప కుర్చీలన్నీ నిండిపోయేలా కూర్చున్నారు. గుమాస్తా వాళ్ళని చూసి, లేచి లోపలికి వెళ్ళాడు.

కొత్త సభ్యుడు ఆరు నిమిషాలు కేటాయించాడు. మర్యాదస్తుడే. ఊరి పేరు రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ్గా అన్నాడు. కట్ట బరువు చేత్తో చూసి, "పూర్తికాలం డాక్టరు నా చేతిలో లేదు. పట్నం ఆసుపత్రి నుంచి పంపించేలా చూస్తాను" అన్నాడు. చూశాడు కూడా. నాలుగు నెలలకి ఉత్తర్వు వచ్చింది. టైలరు ఊరి ఆసుపత్రికి డాక్టరు రెండు వారాలకి ఒకసారి, గురువారం, పదింటి నుంచి రెండింటి దాకా.

పద్నాలుగు ఊళ్ళకి నెలలో రెండు పూటలు. కొందరు తిట్టుకున్నారు. కొందరు అదన్నా దక్కిందన్నారు.

మొదటి గురువారం డాక్టరమ్మ వచ్చేసరికి పదకొండున్నర. కొండ చుట్టి రావాలి కదా. అప్పటికే ఆసుపత్రి వరండా దాటి రోడ్డు మీదకి వరస పెరిగింది. ఆమె చిన్న వయసు మనిషి. ప్రయాణానికి మొహం వాడిపోయి ఉంది. వచ్చీ రాగానే చేతులు కడుక్కుని కూర్చుని, మంచినీళ్ళకి కూడా లేవకుండా రోగుల్ని చూసింది. రెండయింది. ఆఖరి బస్సు తప్పిపోతుందని రెండుంబావుకి లేచింది.

ఇంకా పంతొమ్మిది మంది మిగిలిపోయారు. వాళ్ళలో ఒక పెద్దాయన గొంతు పెంచబోతే, నర్సమ్మ సర్దిచెప్పింది. టైలరు వరస పక్కన గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, తన మోకాళ్ళు చూపించుకోవాలని వచ్చి. డాక్టరమ్మ సంచీ సర్దుకుంటూ ఆయన వైపు చూసింది.

"మీరు కూడా మిగిలిపోయారా?"

"పర్వాలేదమ్మా. మీరు బస్సు చూసుకోండి."

నర్సమ్మ దగ్గర ఒక కాగితం అడిగి తీసుకుని, మిగిలినవాళ్ళ పేర్లు ఉన్న వరస ప్రకారం రాయడం మొదలుపెట్టాడు. వచ్చే గురువారం కాక ఆ పై గురువారం ముందు వాళ్ళనే చూడాలని పైన రాశాడు. మూడు ఊళ్ళ అవతలి నుంచి నడిచి వచ్చిన ఒక ముసలామె తన పేరు చెప్పి, సరిగ్గా రాశాడో లేదో చదివి వినిపించమంది. ఆయన చదివాడు. ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివాడు. ఆమె తలాడించి, చెప్పులు వేసుకుని, ఎండలోకి దిగింది.